గద్వాల పిల్లవాడి ఎడమచెయ్యి

నాగర్‌కర్నూల్‌లో ఉదయం ఏడూ పదికి వనపర్తి బస్సెక్కాను. సంచిలో ఐదు వస్తువులు: రెండు గిలక్కాయలు, ఉన్నిబంతి, మెత్తటి చేతితొడుగు, నేను బొమ్మలు గీసిన వ్యాయామాల కాగితం. ఫిజియోథెరపీ చదివి ఇక్కడి దవాఖానలో చేరి అప్పటికి మూడు నెలలు. నెలలు నిండకుండా పుట్టిన ఒక గద్వాల పిల్లవాడిని పదిహేను రోజులకొకసారి తీసుకురమ్మన్నాం. ఒకసారి వచ్చి మానేశారు. వాడి ఎడమ పిడికిలి విడవడం లేదు. ఇప్పుడే పని నేర్పకపోతే వాడు ఆ చేతిని మరిచిపోయే ప్రమాదం ఉంది. అందుకే నేనే బయలుదేరాను.

వనపర్తిలో ఇడ్లీ తిని, తొమ్మిదింపావుకు గద్వాల బస్సు పట్టుకున్నాను. పక్కన గాజులమ్మే పెద్దాయన నా సంచిలోకి చూశాడు.

"ఏంది సారు, గిలక్కాయలు అమ్మనీకి పోతున్నరా?"

"లేదు చాచా, ఒక పసివాడి పిడికిలి విప్పాలి."

"నాదీ గదే పని. గుంజితే ఇంక బిగుస్తది. బొటనవేలి మొదట్ల మెల్లగ ఒత్తు."

నా కాగితంలో రెండో బొమ్మ అదే.

పదకొండున్నరకు ఇల్లు దొరికింది. పిల్లవాడి తాత గుంటమగ్గంలో కూర్చుని, పోగున్న నాడెను అటూ ఇటూ విసురుతూ చీర నేస్తున్నాడు.

"మావోడు బాగనే ఉన్నడు సారు. ఏడు నెలలకే అన్నీ కుడిచేత్తోనే అందుకుంటుండు. నాడె ఇసిరే చెయ్యి. ఇగ దవాఖాన ఎందుకు?"

ఈ వయసులో ఒక్క చేతినే వాడటం మంచి గుర్తు కాదని చెప్పాను.

"సదువుకున్నోళ్లకు అన్నీ రోగాలే కనవడ్తయి," అన్నాడు. పిల్లవాడిని చంకనెత్తుకున్న కోడలు గడపలో నిలబడింది.

అయినా జొన్నరొట్టె పెట్టించాడు. తిని మగ్గం పక్కన కూర్చున్నాను. పోగు మోసుకుంటూ నాడె అటూ ఇటూ పోతోంది. నిజంగా తెలుసుకోవాలనే అడిగాను: "అటు పోయిన నాడెను ఎవరు పట్టుకుంటారు?"

"ఎవరేంది? కుడిచెయ్యి ఇసుర్తది, ఎడమది పట్టుకుంటది. మల్ల ఎడమది..."

మగ్గం ఆగింది. ఆయన తన ఎడమచేతిని చూసుకున్నాడు.

"బిడ్డా, పిల్లగాన్ని ఇటు తే."

ఎడమచేతికి పని పడాలని కుడిచేతికి కాసేపు తొడుగు వేశాం. ఎడమ బొటనవేలి మొదట్లో మెల్లగా ఒత్తాను. వేళ్లు సడలాయి గానీ, గిలక్కాయలు పట్టలేదు, బంతీ పట్టలేదు. అప్పుడు తాత ఎర్రనూలు చుట్టిన కండె తీసి, ఒక కొస తానే పట్టుకుని, రెండో కొస వాడి అరచేతికి ఆనించాడు. వేళ్లు దాని చుట్టూ ముడుచుకున్నాయి. నా గడియారంలో ఐదు సెకన్లు.

"గా చేత్తోని పట్టంగ చూసుడు ఇదే మొదలు," అంది తల్లి.

వాడు హుషారుగా ఉన్నప్పుడల్లా కొద్దికొద్దిగా చేయించమని కాగితం ఇచ్చాను. చెయ్యి పూర్తిగా బాగవుతుందని మాత్రం మాట ఇవ్వలేనన్నాను.

"మగ్గం మీదున్న చీరకు నేను గూడ మాటియ్య సారు," అన్నాడు తాత. "వచ్చే బేస్తారం మేమే వస్తం. కండె గూడ తెస్తం."

నాలుగింటి బస్సు బీచుపల్లి వంతెన మీద కృష్ణ దాటుతుండగా డైరీ తీశాను. కొత్త ఇంటికి వెళ్లినప్పుడు అడగవలసిన ప్రశ్నల జాబితా అందులో ఉంది. పుట్టిన తేదీ, బరువు, ఫిట్స్ వచ్చాయా. అన్నిటికన్నా పైన, ఉన్న కాస్త చోటులో ఇరికించి రాశాను: ఇంట్లో ఏం పని చేస్తారు? అందులో రెండో చెయ్యి ఏం చేస్తుంది?