ఒక్క ఆడమనిషీ పనిచేయని ఊరు

ఆ రోజుల్లో నాకు మనుషుల కంటే పత్రాల మీద నమ్మకం ఎక్కువ. డిప్లొమా పూర్తయిన కొత్త. గడిలో ఇమడనిది లోకంలోనే లేదనుకునే వయసు. బాన్సువాడలో తాత్కాలిక గణకుడిగా చేరిన నాకు, బీర్కూర్ దారిలోని ఒక చిన్న ఊరి జనాన్నీ వాళ్ల పనులనూ నమోదు చేసే బాధ్యత అప్పగించారు. అరవై రెండు ఇళ్లు, నాలుగు రోజులు. చెప్పింది చెప్పినట్లే రాయాలన్నది నియమం (ఎవరూ పెట్టలేదు, నేనే పెట్టుకున్నాను). ఏ ఇంటి ముందు చూసినా ఒకామె ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుడుతూ కనిపించేది. ఏం పని చేస్తారని అడిగితే, వేళ్లు ఆపకుండానే "నాకేం పనుంటది సారూ, ఇంట్లనే ఉంట" అనేది. నేను నిటారైన అక్షరాలతో "పని లేదు" అని రాసేవాణ్ణి. చివరికి పనిచేసే స్త్రీల గడిలో సున్నా తేలింది. మూడుసార్లు సరిచూసుకొని, కూడిక తప్పలేదని సంతోషించాను కూడా.

ఆ సంతోషం మరునాడు పైఅధికారి ఫోన్ చేసేదాకా నిలిచింది. "ఏందయ్యా, ఊర్ల ఆడోళ్లు ఒక్కరు గూడ పనిచెయ్యరా? మరి నాట్లెవరేస్తుండ్రు, కొంగలా? రేపు పదింటికి నేనే వస్త. పత్రం తప్పని తేలితే ఇగ నువ్వు ఇంటికే." మా ఊరు పిట్లంలో అమ్మ అప్పటికే వీధంతా చెప్పుకొంది, కొడుక్కి సర్కారు పని దొరికిందని. ఉద్యోగం పోవడం కంటే, ఆ వీధిలో నడిచి ఇల్లు చేరడమే ఎక్కువ భయమనిపించింది.

మర్నాడు మొదటి బస్సుకే వెళ్లి, నాట్లు వేస్తున్న మడి గట్టున నిలబడ్డాను. ముఠాకు పెద్దయిన ఆమెను అందరూ నాట్లక్క అనేవారు. సంగతంతా చెప్పి, సారు అడిగితే పని చేస్తానని చెప్పమని బతిమాలాను. "గింతదానికే గంత ఫికరా తమ్మీ, చెప్తలే," అంది. వెనకనుంచి ఎవరో, "పిలగాడు ఏడ్చేటట్టున్నడు, జల్ది చెప్పక్కా," అన్నారు.

పదికి జీపు వచ్చింది. అధికారి గట్టు మీదికి వచ్చి అడిగాడు: "ఏమమ్మా, నువ్వేం పని చేస్తవ్?"

మోకాలిలోతు బురదలో, చేతిలో నారుకట్టతో నాట్లక్క నడుము ఎత్తింది. "నాకేం పని సార్," అంది అలవాటుగా, "ఊకెనే ఉంట." అని వంగి మళ్లీ నాటసాగింది. రెండు కుదుళ్లు నాటాక గుర్తొచ్చినట్లుంది, కొంగుతో నోరు మూసుకుంది. మడంతా నవ్వింది.

అధికారి ఆమె చేతులనే చూస్తూ నిలబడ్డాడు (నేను లెక్కపెట్టాను, పదకొండు కుదుళ్లు నాటేంత సేపు). తర్వాత, "నువ్వు విన్నది రాసినవ్. చూసింది రాయలె," అని, ప్యాంటు మడిచి మడిలో దిగమన్నాడు. ఒక్క సాలు నాటించాడు. నా సాలు వంకర. నడుము మూడు రోజులు నిలవలేదు. ఉద్యోగం మాత్రం నిలిచింది. అరవై రెండు ఇళ్లకూ మళ్లీ తిరిగాను, ఈసారి నోళ్లు కాక చేతులు చూస్తూ.

మొన్న మా పాప బడి ఫారం నింపుతున్నాను. తల్లి చేసే పని అన్న గడి దగ్గర ఆగి, వంటింట్లోకి చూసి అడిగాను. ఒక చేత్తో పోపు కలుపుతూ, మరో చేత్తో పాప జడ పట్టుకొని ఉన్న నా భార్య, "ఏం లేదని రాయి," అంది. నేను తల ఎత్తి ఆమె చేతులు చూసేసరికే నా కలం, అదే నిటారైన అక్షరాలతో, "ఏం లే" దాకా వచ్చేసింది. కొట్టేసి, నాలో నేనే నవ్వుకున్నాను. ఆనాటి బురద నా కాళ్లకే అంటింది, రాసే చేతికి ఇంకా అంటలేదు.