చెవుల మావయ్య, సబ్బు నురగ

ఇంజన్ దగ్గితే పక్క వీధి నుంచే మందు చెప్పగలనని కోతలు కోసే మెకానిక్‌ని అందరూ చెవుల మావయ్య అంటారు. ఇంజన్‌లోకి గాలి దట్టించే టర్బో మార్చిన వారానికే మేనకోడలి కారు లాగడం మానేసింది.

"టర్బో పోయింది మావయ్యా. రేపటి కార్ల పందెం వదులుకోవడమే."

"నోరు కడుక్కో. దాని గాలి ఎక్కడో కారిపోతోంది."

గొట్టాల్లోకి గాలి ఎక్కించి, తన గడ్డం బ్రష్షుతో అతుకు అతుకుకీ సబ్బు నురగ పూశాడు. మూడో అతుకు దగ్గర బుడగలు పొంగగానే గంతేశాడు.

"దొరికింది దొంగ. ఈ క్లిప్పు బిగించిన మొద్దువి చేతులా, కాళ్లా?"

"నువ్వేగా బిగించావు."

మావయ్య చెవి గోక్కున్నాడు.

"అందుకే ఇంత తొందరగా దొరికింది."

క్లిప్పు బిగించాక కారు వీధి చివరిదాకా ఒక్క ఉరుకు ఉరికింది. సాయంత్రం మావయ్య ఈ కథ నలుగురికీ చెప్పేసరికి ఆ మొద్దు పక్క వీధి మెకానిక్ అయిపోయాడు.