నిమ్మచెట్టు తాగిన మందు

1954లో నేను వేంపల్లెకు నాలుగు మైళ్ళ దూరాన ఒక ఊళ్ళో, చిన్న దవాఖానాలో కాంపౌండరును. డాక్టరు రాసిన మందు కలిపి, రోగులు ఇంటినుంచి తెచ్చుకున్న సీసాల్లో పోయడం నా పని. సీసాకు గాట్లు పెట్టిన కాగితం అంటించేవాణ్ణి. రెండు గాట్ల నడుమ ఉన్నది ఒక డోసు, అంటే ఒక పూట తాగవలసిన మందు. సంత రోజుల్లో నిలబడి, దయ్యాలు లేవని, వాతలు పెడితే రోగాలు పోవని ఉపన్యాసాలిచ్చేవాణ్ణి. నన్ను మించిన హేతువాది ఆ తాలూకాలో లేడనుకునేవాణ్ణి.

ఆ ఊరి పెద్ద రైతు ఓబుళరెడ్డి భార్య సుబ్బమ్మకు ఎనిమిది నెలలుగా మందు పోస్తున్నాను. ఆమెను నేను గాని డాక్టరు గాని చూడలేదు. పెద్దింటి ఆడవాళ్ళు దవాఖానా గడప తొక్కరు. మగవాళ్ళే వచ్చి రోగం చెప్పి, మందు పట్టుకుపోతారు. తిండి సయించదు, నిద్ర లేదు, పలకరిస్తే పలకదు అని రెడ్డి చెప్పాడు. రిజిస్టరులో 'నీరసం' అని రాసి బలానికి ఎర్రమందు పోశాం. రోగం ఆడదాని ఒంట్లో, మాట మగవాడి నోట్లో! దీన్ని వైద్యమనడానికి మాకు సిగ్గు లేకపోయింది.

ఒకరోజు సీసా పట్టుకుని సంతోషమ్మ వచ్చింది. చర్చి పక్కన గుడిసెలో ఉండే కూలిమనిషి, రెడ్డి ఇంట్లో కసువు ఊడుస్తుంది. నేను మందు పోస్తుంటే నవ్వింది.

"ఎందుకప్పా పోస్తావు? ఆయమ్మ తాగదు. దినామూ నిమ్మచెట్టు మొదట్లో వంచుతాది. చెట్టయితే శానా బలంగా ఉండాది."

తర్వాత గొంతు తగ్గించి, సుబ్బమ్మ రెండు రోజులుగా బావి గట్టున ఊరికే నిలబడుతోందని, తానే చెయ్యి పట్టి లోపలికి తెచ్చానని చెప్పింది. ఆమెకేమయిందో నీకేం తెలుసన్నాను.

"తెలీకేమప్పా, నాకూ అదే ఉండాది. కూట్లో ఉప్పుండాదో లేదో తెలీదు. బిడ్డ ఏడిస్తే వినపడతాది, లేయబుద్ధి కాదు. ఆయమ్మ పండుకుంటే నీరసమంటారు. నేను పండుకుంటే సోంబేరంటారు."

ఈ మాటలన్నీ డాక్టరుకు చెప్పాను. మనిషిని చూడకుండా ఇక చుక్క కూడా పోయవద్దన్నాడు. రెడ్డి వచ్చి, తన ఇంటి ఆడదానికి ఏం తక్కువని కేకలేశాడు, నన్ను బదిలీ చేయిస్తానన్నాడు. డాక్టరు బావి సంగతి చెప్పాక, రేపు తీసుకొస్తానని వెళ్ళిపోయాడు.

మర్నాడు గూడుబండి వచ్చింది. సుబ్బమ్మ సంతోషమ్మ చెయ్యి పట్టుకుని దిగింది. డాక్టరు ఆమెతో విడిగా గంటసేపు మాట్లాడి, రిజిస్టరులో 'నీరసం' కొట్టేయించి 'మనోవ్యాధి' అని రాయించి, ఇది మనసుకు వచ్చిన జబ్బు, నటన కాదు, ఒంటరిగా వదలకుండా మద్రాసు తీసుకుపొమ్మని రెడ్డికి చెప్పాడు. తీసుకుపోయాడు.

సంతోషమ్మను చూసి, నీదీ అదే జబ్బు, రెస్టు తీసుకో అన్నాడు డాక్టరు.

"రెస్టా? అది ఏ అంగట్లో దొరుకుతాదప్పా?"

డాక్టరూ నేనూ నవ్వాం. ఆమె వచ్చింది రోగిగా కాదు కనుక రిజిస్టరులో పేరు కూడా రాయలేదు.

ఐదు నెలలకు సుబ్బమ్మ కోలుకుని వచ్చింది. వచ్చిన మూడో రోజు, బండి కూడా లేకుండా, పట్టపగలు నడిచి దవాఖానాకు వచ్చింది. వెంట సంతోషమ్మ. సంతోషమ్మ పనికి లేవడం లేదని ఆమె అత్తగారింటివాళ్ళు భూతవైద్యుణ్ణి పిలిపించారట. వీపు మీద మూడు వాతలు, చీము పట్టి ఉన్నాయి. కట్టు కట్టి రిజిస్టరులో 'కాలిన గాయాలు' అని రాశాను.

సుబ్బమ్మ చదువుకున్నది. వంగి చూసింది.

"అది కాదప్పా దీని రోగం. నాకు రాసిందే దీనికీ రాయి."

వాత పెట్టినవాణ్ణి సంతలో నిలబెట్టి తిట్టడం నాకు తేలిక. కాని అతడి కంటే ముందు ఆమె వచ్చింది మా దగ్గరికే. చదువుకున్న ఇద్దరు మగవాళ్ళం ఆమె జబ్బు పేరు తెలిసి కూడా నవ్వి పంపాం. ఆ మాట ఏ ఉపన్యాసంలోనూ నేను చెప్పలేదు, ఇక్కడ చెబుతున్నాను. రాసింది కొట్టేసి 'మనోవ్యాధి' అని రాశాను. సుబ్బమ్మ ఆమెను తన ఇంటికే తీసుకుపోయింది, రెస్టుకు.