దరఖాస్తులో నా ఎత్తు

నా రిపోర్టులో సున్నా వచ్చింది. ఒక్క సున్నాయే అయినా, మలక్‌పేట ఆసుపత్రి నుంచి యాకుత్‌పురాలో మా ఇంటికి చేరేసరికి అది గుర్రప్పందేల మైదానమంత అయింది. ఇంకో రెండు చోట్ల పరీక్ష చేయించుకున్నాను. అక్కడా సున్నాయే. ఒకచోట కాస్త గుండ్రంగా వేశారు, అంతే తేడా.

అప్పటికి పెళ్లయి తొమ్మిదేళ్లు. అంతవరకూ లోపం మా ఆవిడదేనని చుట్టాలంతా తీర్మానించారు. ఆమె మింగిన మాత్రలతో చార్మినార్‌కు ఐదో మినార్ కట్టొచ్చు. డాక్టరమ్మ దాత వీర్యం సంగతి చెప్పగానే ఆమె సరేనంది. నేను ఆలోచిస్తానన్నాను. ఇద్దరి సంతకాలూ ఉంటే తప్ప పని ముందుకు సాగదు. ఆమెకు ముప్పై ఆరేళ్లు, ఇంకా ఆగితే కష్టమని డాక్టరమ్మ చెప్పనే చెప్పింది.

మొదట మా తమ్ముణ్ణి అడుగుదామన్నాను. మన రక్తమే కదా అని నా వాదన. తెలిసినవాళ్లు ఇవ్వడానికి రూలు ఒప్పుకోదట. మా ఆవిడ హమ్మయ్య అనుకుంది. ఏటా బోనాలకు అతనొచ్చి, మటన్ ముక్క నములుతూ బిడ్డను చూసి ముసిముసిగా నవ్వుతుంటే తాను వడ్డించలేనని తర్వాత చెప్పింది.

ఇక గోత్రం పట్టుకున్నాను. దరఖాస్తులో బ్లడ్ గ్రూపుకు గడి ఉంది గానీ గోత్రానికి లేదని కౌన్సెలింగ్ మేడమ్ అంది. గోత్రం తెలియని సంబంధం మా ఇంట్లో ఇరవై ఒక్క తరాలుగా చేసుకోలేదన్నాను. ఇది సంబంధం కాదు సార్ అంది. నిజానికి గుడిలో పూజారి అడిగినప్పుడల్లా మా గోత్రం చెప్పేది మా ఆవిడే. నాకు గుర్తుండదు.

నా అసలు భయం వేరు. ఆమె మాదన్నపేట మార్కెట్లో పావుకిలో బెండకాయలకు నాలుగు వందల కొసలు విరిచి చూసే మనిషి. నన్ను మాత్రం పెద్దవాళ్లు చూపించారు, తెచ్చుకుంది. ఇప్పుడు ఏరుకునే అవకాశం వచ్చిందనుకున్నాను. నాకంటే మంచివాణ్ణి ఏరుకుంటుందని, జీవితాంతం ఆ బిడ్డ ముఖంలో నా కొరత చూసుకోవాలని నా బెంగ.

పదిహేను రోజులు ఆ దరఖాస్తు కాగితం ఫ్రిజ్ మీదే ఉంది. ఆమె ఒక్కసారీ అడగలేదు. రోజూ దాని మీద దుమ్ము మాత్రం తుడిచేది.

ఒక ఆదివారం నింపడానికి కూర్చున్నాను. భర్త ఎత్తు, రంగు, జుట్టు రాయాలి. దానికి దగ్గరగా ఉన్న దాతను వాళ్లే చూస్తారు. నా చెయ్యి అలవాటు కొద్దీ నడిచింది. ఎత్తు ఐదడుగుల పది. రంగు తెలుపు. జుట్టు ఒత్తు.

మా ఆవిడ చదివి నా బట్టతల వైపు చూసింది.

"గీయన ఎవరు?"

"నేనే."

"తొమ్మిదేండ్ల సంది గిసొంటోన్ని మనింట్ల నేను చూడలే."

పెన్ను తీసుకుని ఒక్కొక్కటే కొట్టేసింది. ఐదడుగుల నాలుగు. నలుపు. పలచన. బిడ్డకు కాస్త ఎత్తొస్తే తప్పేముందన్నాను.

"నాకు నీ లెక్కనే ఉండాలె. గంత ఎత్తోడు కావాల్నంటే పెండ్లి నాడే చెప్పకపోదునా?"

నేను కాగితం నా వైపు తిప్పుకున్నాను. నాలుగు కాదు, నాలుగున్నర అన్నాను. ఆమె నన్ను వంటింటి గుమ్మానికి ఆనించి, కుట్టుమిషన్ దగ్గరి టేపు తెచ్చి కొలిచింది. నాలుగుంపావు.

"సరే, నాలుగున్నర రాస్కో," అంది.

రాసుకున్నాను. కింద సంతకం పెట్టాను.

మా అమ్మాయికి ఇప్పుడు పదేళ్లు. ఈ సంగతంతా తనకు తెలుసు. ప్రతి పుట్టినరోజుకూ అదే గుమ్మం దగ్గర తన ఎత్తు గీస్తాం. ఈసారి మడమలు లేపి నిలబడింది. మా ఆవిడ టేపు పట్టుకుని, ముందు కిందికి దిగమంది.