నీలి రాయి దొరికిన ఏడాది

మా ఆఫీసు లాబీలో మొన్న ఒక బండరాయిని తెచ్చి పెట్టారు. మాదాపూర్ వైపు ఒకప్పుడు ఎటు చూసినా కనిపించిన మామూలు బూడిదరంగు బండే, కాకపోతే ఇప్పుడు దాని మీద పసుపు లైటు పడుతోంది, చుట్టూ ఎర్రతాడు కట్టి ఉంది, దయచేసి తాకవద్దని ఒక పలక కూడా పెట్టారు. కాఫీ కప్పుతో దాని ముందు నిలబడ్డ నాకు జ్ఞానోదయం లాంటిదేమీ కలగలేదు గానీ, మా పెదనాన్న కొడుకు, నాకు అన్నయ్య, బాగా గుర్తొచ్చాడు. ఆయన వయసులో ఒక మంచి ఏడాది మొత్తం రాళ్ళు కొట్టడానికే పోయింది. కంగారు పడకండి, కంప్యూటర్లోనే.

తొంభైల చివర్లో డిగ్రీ పట్టా సంచీలో పెట్టుకుని హైదరాబాదులో దిగినవాళ్ళు మీలో ఉంటే పెద్దగా చెప్పనక్కర్లేదు. బోరబండ వెనకాల గుట్టల పక్కన ఒక గది కిరాయికి తీసుకుని ఇద్దరం ఉండేవాళ్ళం. అన్నయ్య కోర్సు నేర్చుకోవడానికని పెదనాన్న ఒక అసెంబుల్డ్ కంప్యూటర్ కొనిచ్చి, దానితో పాటు ఒక గడువు కూడా ఇచ్చాడు: దసరా లోపల ఉద్యోగం రావాలి, రాకపోతే ఏలూరు దగ్గర మా ఊరికి తిరిగొచ్చి ఎరువుల కొట్టులో కూర్చోవాలి. అన్నయ్యకి యూరియా వాసన పడదు, దాని పక్కనే కూర్చునే పెదనాన్న అంతకన్నా పడడు. నాకు మాత్రం ఏ గడువూ లేదు, ఎందుకంటే నా మీద ఎవరికీ ఆశలు లేవు. అది ఎంత సుఖమో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది.

కోఠీలో పేవ్‌మెంటు మీద సీడీలు అమ్మేవాడి దగ్గర కోర్సు సీడీ కొంటే, వాడు ఒక ఆట సీడీ కూడా చేతిలో పెట్టాడు. కోర్సు సీడీ మూడో పాఠం దగ్గర ఆగిపోయేది, ఆట మాత్రం ఆగలేదు. భూమి కింద గుహల్లో తిరుగుతూ సుత్తితో రాళ్ళు కొట్టాలి. ఇనుము, రాగి కావలసినంత దొరుకుతాయి గానీ, గుహల చివర ఉన్న పెద్ద తలుపు తెరవాలంటే ఒక కత్తి కావాలి, ఆ కత్తికి నీలి రాయి కావాలి, ఆ రాయి ఆట మొత్తానికి ఒక్కటే ఉంది. ఎక్కడుందో చెప్పేవాడు లేడు. ఇంటర్నెట్టులో అడుగుదామంటే అదీ మా దగ్గర లేదు.

లోపల అన్నయ్య రాళ్ళు కొడుతుంటే బయట నిజంగానే గుట్టలు పేలుస్తుండేవాళ్ళు. ముందు ఈల వేసేవాళ్ళు, ఎర్రజెండా ఊపేవాళ్ళు, ఆ తరవాత ఢామ్మనేది, మా గూట్లో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి నమస్కారం పెట్టుకునేవి. ఈల వినగానే అన్నయ్య ఆట సేవ్ చేసి, లేచి మానిటర్ని రెండు చేతులా పట్టుకునేవాడు. మా ఇంటి ఓనరమ్మకి ఇదంతా చూస్తే నవ్వు ఆగేది కాదు. ఒకసారి గుమ్మంలో నిలబడి అడిగింది.

"ఏంది బిడ్డా, ఎప్పుడు సూసినా గా రాళ్ళేనా? బయట గింతమంది కొడ్తుండ్రు, పోయి నాలుగు కొట్టరాదు? కూలన్న ఇస్తరు."

అక్కడ నీలి రాయి రాదండీ అని నేను వినయంగా విన్నవించాను.

"ఏ రాయైతేంది, అన్నం వెడ్తదా?" అంటూ ఆవిడ ఇంటి వెనక బండ మీద మిరపకాయలు ఎండబోయడానికి వెళ్ళిపోయింది.

ఆ రాయి దొరికిన మధ్యాహ్నం నాకింకా గుర్తే. గుహలో ఒక జలపాతం ఉంటే, దాని వెనక గోడని అన్నయ్య విసుగు పుట్టి ఊరికే కొట్టాడట. గావుకేక పెట్టాడు. నేను ఉద్యోగం వచ్చిందనుకుని పరిగెత్తాను, ఓనరమ్మ పాము వచ్చిందనుకుని కర్ర పట్టుకుని వచ్చింది. తెర మీద గోరంత నీలపు మెరుపుని అన్నయ్య వేలుపెట్టి చూపించాడు. ఓనరమ్మ దాన్నీ అన్నయ్యనీ మార్చి మార్చి చూసి, కర్ర గోడకి ఆనించి వెళ్ళిపోయింది.

రాయి పట్టుకుని ఆటలోనే ఉన్న కమ్మరి దగ్గరికి వెళితే వాడొక ప్రశ్న అడుగుతాడు: ఒకసారి కరిగిస్తే మళ్ళీ దొరకదు, కరిగించమంటావా? కింద అవును, కాదు అని రెండు గళ్ళు. అన్నయ్య చాలాసేపు చూసి కాదు నొక్కాడు. మంచి పని మంచి రోజున చెయ్యాలనీ, ఉద్యోగంలో చేరిన రోజున కరిగిద్దామనీ అన్నాడు. చుట్టాలొచ్చేదాకా కొత్త దుప్పటి బీరువా దిగని ఇంట్లో పెరిగినవాళ్ళం, నాకది వింతగా కూడా అనిపించలేదు.

ఫోను లేనివాళ్ళం కాబట్టి దరఖాస్తుల్లో ఓనరమ్మ ఇంటి నంబరే రాసి, మమ్మల్ని పిలిచిపెట్టమని అర్థం వచ్చేలా పక్కన పీపీ అని పెట్టేవాళ్ళం. మాదాపూర్‌లో కొత్తగా లేచిన గుండ్రటి భవనంలో ఏదో కంపెనీ అన్నయ్యని ఇంటర్వ్యూకి పిలిచింది, ఆ తరవాత కొన్నాళ్ళకి ఓనరమ్మ పెరట్లోంచి కేక వేసింది: "ఓ పిలగా, ఎవరో ఇంగిలీషుల మాట్లాడ్తుండు, జల్ది రా!" ఎంపికయ్యాడట. చేరే తేదీ మళ్ళీ ఫోన్ చేసి చెబుతారట. ఓనరమ్మ ఆ సాయంత్రం సేమ్యా పాయసం చేసి తెచ్చి, ఇగ ఫికర్ లేదు బిడ్డా అంది. అంతటితో ఆగలేదు, ఆనాటి నుంచి తన సొంత చెల్లెలు ఫోన్ చేసినా రెండు మాటల్లో పెట్టేసేది. "లైను ఖాళీగ ఉండాలె, పిలగానికి నౌకరి ఫోనొస్తది."

అన్నయ్య రోజూ సాయంత్రం ఇంటి వెనక బండెక్కి, ఓనరమ్మ కిటికీకి చెవి అప్పగించి కూర్చునేవాడు. అక్కణ్ణుంచి ఫోను బాగా వినిపించేది, మోగితే. మోగక చీకటి పడ్డాక లోపలికొచ్చి కమ్మరి దగ్గరికి వెళ్ళి, వాడడిగింది పూర్తిగా చదివి, కాదు నొక్కి వచ్చేవాడు. కొందరు గుడికి వెళ్ళరూ, అలాగన్నమాట, ఇక్కడ ప్రసాదం ఒక్కటే తక్కువ.

ఇంతలో రోడ్డు వేస్తామని ఆ బండకి కన్నాలు తొలిచారు. ఓనరమ్మ మిరపకాయలు ఎత్తుకుంటూ కాంట్రాక్టరు వంశాన్ని మూడు తరాల దాకా తిట్టింది, అయినా ఈల మోగింది. మర్నాటి నుంచి అన్నయ్య కంకరకుప్ప మీద కూర్చున్నాడు.

దసరా దగ్గర పడ్డాక ఇద్దరం ఆ భవనానికే వెళ్ళాం. ఆ అంతస్తులో తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి, నేల మీద తెగిన వైర్లు ఉన్నాయి. వాచ్‌మన్ మమ్మల్ని చూసి జాలిపడ్డాడు. "ఆళ్ళా సార్? కుర్సీలు గిట అన్ని లారీల ఏసుకొని పోయిన్రు. మీకు చెప్పలేదా?" అన్నయ్య వాడికి థాంక్స్ చెప్పాడు. బస్సులో నేను, పోనీ కుర్చీలకైనా వేరే చోట చేరే తేదీ దొరికింది కదా అన్నాను. నా మర్యాద కోసం నవ్వాడు.

ఊరెళ్ళే రోజు పొద్దున్న, పెట్టె సర్దేశాక, అన్నయ్య స్నానం చేసి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. కమ్మరి అడిగాడు. అవును నొక్కాడు. రాయి కరిగింది, ఇనుములో కలిసింది, నీలంగా మెరుస్తూ కత్తి తయారైంది. నిజంగా బాగుంది, వెక్కిరించడానికి నాకేమీ దొరకలేదు. గుహలన్నీ దాటి తలుపు దగ్గరికి వెళ్ళి కత్తి దూర్చగానే ఆ రెండు రెక్కలూ మెల్లగా తెరుచుకున్నాయి. తెరంతా నల్లబడింది. మధ్యలో ఒక ఇంగ్లీషు వాక్యం వచ్చింది, రెండో డిస్కు పెట్టమని. సీడీ డ్రైవు తనంతట తనే బయటికొచ్చి, చెయ్యి చాపినట్టు నిలబడింది.

మా దగ్గర ఉన్నది ఒక్కటే. రెండోది ఉంటుందన్న సంగతే మాకు తెలియదు. నాంపల్లి స్టేషనుకి వెళ్ళే ముందు కోఠీలో దిగి, పెట్టెతో సహా సీడీలవాడి ముందు నిలబడ్డాం.

"రెండోదా? గది నేను తేనే తేను సార్. ఆటల గంత దూరం ఎవడు వోతడు?"

రైలు కదిలే ముందు అన్నయ్య కిటికీ ఊచల్లోంచి నా భుజం తట్టి, "ఒరేయ్, తలుపైతే తెరుచుకుంది కదరా" అన్నాడు. ఎంతటి ఏడుపుకైనా ఒక జోకు జేబులో ఉంచుకునే నేను, ఆ రోజు జేబులన్నీ వెతుక్కున్నాను.

ఎరువుల కొట్టు ఇప్పుడు ఆయనదే. బాగానే ఉన్నాడని చుట్టాలందరం అంటాం, ఆయనా కాదనడు. నాకేమో ఎలాగో ఒక ఉద్యోగం దొరికింది, దాన్నే పట్టుకు వేలాడుతూ ఇక్కడే ముసలివాణ్ణవుతున్నాను.

లాబీలో బండని చూసిన సాయంత్రం ఆ ఆట కోసం వెతికాను. రెండు డిస్కులూ కలిపి ఇప్పుడు ఫోన్లోకే వచ్చేస్తోంది. జలపాతం వెనక ఏ రాయి కొట్టాలో ఎవరో వీడియో తీసి మరీ పెట్టారు. అన్నం ఉడికే లోపల నీలి రాయి నా చేతిలో ఉంది. అంత తేలిగ్గా దొరికేసరికి, దొంగతనం చేసినట్టు అనిపించింది. ఆ రోజుల్లో ఊరంతా బండలే, నీలి రాయి ఒక్కటీ దొరికేది కాదు. ఇప్పుడు అది అందరి జేబుల్లోనూ ఉంది, బండలు చూడాలంటే మాత్రం మెడలో ఆఫీసు కార్డు వేసుకుని లాబీకి వెళ్ళాలి.

అన్నయ్యకి ఫోన్ చేసి చెప్పాను. అవతల బస్తాలు పడుతున్న చప్పుడు. ఎవరికో బస్తాల లెక్క చెప్పాడు. తరవాత, కమ్మరి ఇంకా అలాగే అడుగుతున్నాడా అన్నాడు. అలాగే అడుగుతున్నాడన్నాను. సరే, లోడు దిగుతోంది, మళ్ళీ చేస్తానన్నాడు.

మళ్ళీ చెయ్యలేదు. తలుపు అవతల ఏముందో చూడటానికి నాకు అడ్డేమీ లేదు, కానీ రోజూ ఇంటికొచ్చి కమ్మరి దగ్గరికి వెళ్ళి, వాడడిగింది పూర్తిగా చదివి, కాదు నొక్కుతున్నాను. ఆ తరవాత కాసేపు ఫోన్లో ఎవరితోనూ మాట్లాడను. లైను ఖాళీగా ఉండాలి కదా.