ఎండ మొహాన పడిన వైపు

నా చిన్నప్పుడు మా ఇంట్లో తూర్పు, పడమర అన్న మాటలే వినపడేవి కావు. ఫిషింగ్ హార్బర్ పక్కన మా వీధిలో ఏదైనా సముద్రం వైపు ఉండేది, లేదంటే కొండ వైపు ఉండేది. చెంబెక్కడుందంటే సముద్రం వైపు గట్టు మీద ఉందనేవారు. ఈ వారం మా చిన్నదానికి బళ్లో దిక్కులు చెబుతున్నారట, చేతులు చాపుకుని ఇల్లంతా గిరగిరా తిరుగుతోంది. దాన్ని చూస్తుంటే నేను దువ్వాడలో తప్పిపోయిన రోజు గుర్తొస్తోంది.

అప్పుడు నాది రెండో తరగతి. తమ్ముడు పుట్టాక అమ్మ బాగా నీరసించిపోయింది. నాన్న బోటెక్కి వేటకి వెళితే వారం దాకా రాడు. అందుకని నన్ను దువ్వాడలో పెద్దమ్మ ఇంట్లో దింపి, అక్కడి బళ్లోనే కూర్చోబెట్టారు. పెద్దనాన్నకి స్టీలు ప్లాంటులో కొత్తగా ఉద్యోగం వచ్చింది. తిండికి లోటు లేదు, ముద్దుకీ లోటు లేదు. నాకే కాలు నిలిచేది కాదు. మగపిల్లాడు పుట్టాడు కదా, ఇక నాతో పనేముందని వదిలించుకున్నారనుకున్నాను. కాలు కాలిన పిల్లిలా ఇంట్లోకీ వీధిలోకీ తిరిగేదాన్ని. సముద్రం కనిపిస్తే ఇల్లెటుందో తెలుస్తుంది. అక్కడ ఎటు చూసినా కొత్తగా కడుతున్న ఇళ్లే.

ఆ వారమే మా మాస్టారు దిక్కులు మొదలుపెట్టారు. ప్రార్థన అయ్యాక అందరినీ సూర్యుడికెదురుగా నిలబెట్టి, ముందున్నది తూర్పు, వెనకున్నది పడమర అని చెప్పించారు. నేను చెయ్యెత్తి, “సముద్రం ఎటు సార్?” అని అడిగాను. పిల్లలు పగలబడి నవ్వారు. “ముందు సూర్యుణ్ణి చూడమ్మా, సముద్రం సంగతి తర్వాత చూద్దాం” అన్నారు మాస్టారు. నాకు చచ్చేంత కోపం వచ్చింది. నాకు కావలసింది సముద్రమైతే ఈయన సూర్యుడంటాడేమిటని.

హార్బర్ నుంచి పొద్దుటి రైల్లో చేపల గంపతో ఒకావిడ వచ్చేది. మా వీధివాళ్లందరికీ తెలిసిన మనిషే, నేను అత్తా అని పిలిచేదాన్ని. స్టేషన్లో దిగి, వీధులన్నీ తిరిగి అమ్ముకుని, మధ్యాహ్నం రైలుకి వెళ్లిపోయేది. చేపలు సముద్రం నుంచి వస్తాయి కాబట్టి ఆవిడ వెనకాలే పోతే సముద్రం దగ్గరికే చేరతానని నా లెక్క. మర్నాడు పొద్దున్న బడికని బయల్దేరి ఆవిడ వెంట పడ్డాను. గంప ఖాళీ అయ్యేదాకా ఆవిడ ఇంకా ఇంకా దూరమే పోతుందని నా బుర్రకి తట్టలేదు. ఇళ్లు పలచబడ్డాయి. తుమ్మ చెట్లొచ్చాయి. కాళ్లు లాగేస్తున్నాయి. అయినా సముద్రం జాడ లేదు.

గంప దింపుకోవడానికి ఆగి, ఆవిడ వెనక్కి తిరిగి నన్ను చూసింది.

“ఓలమ్మ! నానేటి రైలింజిన్నా, ఎనకాల తగులుకున్నావు?”

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. “మాయమ్మ దగ్గరికి ఎల్తన్నాను” అన్నాను.

“ఇటేటే గుంటా? ఇటెల్తే అనకాపల్లి ఒత్తాది.”

తిట్టలేదు, బుజ్జగించనూ లేదు. డబ్బాలో నీళ్లు తాగించి, నా వీపు మీద చెయ్యి వేసి చూసింది. గౌను వెనక కాలిపోతోంది. “పొద్దున్న ఎండ ఈపు మీద పడితే ఇంటికి దూరమైపోతన్నట్టు. మొహం మీద పడాల” అంటూ భుజాలు పట్టుకుని నన్ను ఇటు తిప్పింది. ఎండకి కళ్లు మూసుకుపోయాయి. “అదీ! నువ్విప్పుడు తిరిగిన ఏపే మీ యమ్మ ఉంది.”

మాస్టారు చెప్పిందీ ఇదే. కాకపోతే ఆయన తూర్పన్నారు, ఈవిడ అమ్మ అంది. అప్పటికి గానీ నాకు పాఠం ఎక్కలేదు.

గంపలో ఇంకా సగం చేపలున్నాయి. ఎండ ముదిరితే ఎవరూ కొనరు. అయినా ఆవిడ గంప నెత్తికెత్తుకుని, “నడు, నువ్వే దారి సూపించు” అని నా వెనకాల నడిచింది. సందు మలుపుల్లో ఎండ పక్కకి జారినప్పుడల్లా నేను కంగారుగా మళ్లీ అటు తిరిగేదాన్ని. అలా పెద్దమ్మ ఇంటికి చేరాం. నేను బడికి రాలేదని కబురొచ్చి వీధిలో ఏడుస్తున్న పెద్దమ్మ నన్ను చూసి చెయ్యెత్తింది. అత్త అడ్డమొచ్చి, “కొట్టకమ్మా, తనే దారి ఎతుక్కుని ఒచ్చింది” అంది.

మర్నాడు ఆవిడ నేరుగా పెద్దమ్మ గుమ్మం ముందే గంప దింపింది. ముందురోజు సాయంత్రం హార్బర్ దగ్గర మా వీధికి వెళ్లి అమ్మని చూసిందట. “మీ యమ్మకి ఒంట్లో కాత్త నయం. తమ్ముడికి పాలిచ్చినప్పుడల్లా కొండేపు తిరిగే కూకుంటంది. మా గుంట అటేపుందని సెప్పింది” అంది.

బడికి పరిగెత్తాను. ప్రార్థనలో అందరికన్నా ముందు ఎండకెదురుగా నిలబడ్డాను. అమ్మ ఇటు తిరిగి ఉంది, నేను అటు తిరిగి ఉన్నాను.

అమ్మ పోయి కొన్నేళ్లయింది. మావారి బదిలీలతో ఊళ్లు మారుతూనే ఉన్నాం. కాలు నిలవని గుణం నాకింకా పోలేదు. కానీ ఏ ఊళ్లో దిగినా, మొదటి పొద్దున సామాను విప్పకముందే బయటికొచ్చి, ఎండ మొహాన పడేలా కాసేపు నిలబడతాను. ఆ కాసేపూ, కొండ వైపు తిరిగి కూర్చున్న అమ్మ నాకు ఎదురుగానే ఉంటుంది.