గాలి కొట్టే చెయ్యి

ముందు నా ఎడమ చేతి సంగతి చెప్పాలి. అది చెప్పిన మాట వినదు. హార్మోనియం ముందు కూర్చుని పెరిగిన చెయ్యి మరి. కుడి చెయ్యి మెట్ల మీద పాట వాయిస్తుంటే, ఎడమ చెయ్యి వెనక తిత్తిని తోస్తూ గాలి కొట్టాలి. చిన్నప్పటినుంచీ దానికి తెలిసిన పని అదొక్కటే. పసిపిల్లను జోకొట్టమన్నా నేను గాలి కొట్టినట్టే కొడతానని మా నాయన ఎగతాళి చేస్తుంటాడు.

నాయన నాటకాల మేష్ట్రు. బాగేపల్లి చుట్టుపక్కల రైతులు, అంగళ్లవాళ్లు కలిసి పౌరాణిక నాటకం వేయాలనుకుంటే ఆయన్నే పిలుస్తారు. నెలల తరబడి పద్యాలు నేర్పించేదీ ఆయనే, నాటకం రోజు రంగం పక్కన హార్మోనియం ముందు కూర్చుని అందరినీ నడిపించేదీ ఆయనే. మా వైపు హార్మోనియాన్ని పెట్టె అంటాం. పెట్టె ముందు కూర్చున్నవాడే మేష్ట్రు. పోయినేడాది నుంచి నాయన కుడి చెయ్యి వణకడం మొదలుపెట్టింది. ఒక మెట్టు నొక్కబోతే రెండు పలుకుతున్నాయి. ఎడమ చెయ్యి మాత్రం రాయిలా ఉంది. చిక్కబళ్ళాపుర రంగమందిరంలో నాటకం ఒప్పుకున్నాక, ఈసారి నువ్వు వాయించు అన్నాడు నాతో. ఆయనకు అది ఎంత కష్టమైన మాటో తెలిసీ నేను ఎగిరి గంతేశాను. నా బతుకంతా ఆ చోటు కోసమే కాచుకుని ఉన్నాను.

ఆ సంతోషం నాటకానికి పెద్ద మా ఇంటికి వచ్చేదాకే. ఆయన చింతామణి టమాటా మార్కెట్టులో మండీ నడుపుతాడు, నాటకంలో రాజు వేషం కడతాడు. కాఫీ తాగి, లోటా కింద పెట్టి, అసలు సంగతికి వచ్చాడు.

"మేష్ట్రప్పా, పాప వాయిస్తే నాకేం అభ్యంతరం లే. కానీ ఇప్పుడు ఉత్త పెట్టెతో జనం కూర్చోరు. కీబోర్డు ఉండల్ల. నా పెద్ద పద్యంలో మొదట పిల్లంగోవి, ఆమీట వయొలిన్, కోపం వచ్చినప్పుడు నాదస్వరం, యుద్ధానికి పొయ్యేటప్పుడు శంఖం. అన్నీ ఒకే పద్యంలో మారిపోవల్ల. పాపతో అయితాదా?"

నాయన నోరు తెరిచేలోగా నేనే అనేశాను. "ఎందుకు కాదప్పా, అయితాది."

నాకు తొందర ఎక్కువ. అప్పటికి నేను కీబోర్డును చూసింది పెళ్లి ఆర్కెస్ట్రాల్లోనే, అదీ దూరం నుంచే.

ఆయన నన్నూ, గోడవారగా ఉన్న పెట్టెనూ మార్చి మార్చి చూశాడు. "సరేమ్మా. దేనికైనా మంచిది, చిక్కబళ్ళాపుర ఆర్కెస్ట్రాలో వాయించే ఆయనకు ఒక మాట చెప్పి పెడతా. బోర్డు తెచ్చుకోని ముందు వరసలో కూర్చోనుంటాడు. నీతో కాకపోతే ఆయన వచ్చి వాయిస్తాడు."

నాకు ఒళ్లు మండిపోయింది. మా నాయన కూర్చున్న చోట ఒక్కసారి ఇంకొకరు కూర్చున్నారంటే, ఆ తర్వాత ఏ ఊరి నాటకానికీ మా ఇంటికి పిలుపు రాదు. ఆ సంగతి నాయనకూ తెలుసు. ఖాళీ లోటాలు ఎత్తుకుని లోపలికి వెళ్లాడు.

చింతామణిలో ఒక సంగీతం టీచరమ్మ వాడకుండా మూలన పెట్టిన కీబోర్డు తెచ్చుకున్నాను. బల్ల మీద పెట్టి, కరెంటు తగిలించి, కుడి చేత్తో పద్యం ఎత్తుకున్నాను. నా ఎడమ చెయ్యి తిన్నగా బోర్డు వెనక్కి పోయి గాలి కొట్టడం మొదలుపెట్టింది. అక్కడ తిత్తి ఎక్కడిది? కొట్టిన ప్రతిసారీ బోర్డు బల్ల మీద ముందుకు జరుగుతోంది. నాయన నవ్వి నవ్వి తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. చాలా రోజుల తర్వాత ఆయన అంతగా నవ్వడం చూశాను కాబట్టి ఊరుకున్నాను.

ఆర్కెస్ట్రావాళ్లు రెండు చేతులతో వాయిస్తారు. పద్యానికి ఆ అవసరం లేదు. పాడేవాడి గొంతు వెనకే పోతూ ఒక్క కుడి చేత్తో వాయిస్తే చాలు. కాబట్టి సౌండ్లు మార్చే పని ఎడమ చేతికి అప్పజెప్పాను. కానీ ఒక్కో సౌండుకూ ఒక్కో నంబరు. పద్యం మధ్యలో ఆ నంబరు వెతికి నొక్కేసరికి రాజు యుద్ధం ముగించుకుని ఇంటికొచ్చేసేట్టున్నాడు. తర్వాత తెలిసింది, కావలసిన సౌండ్లను ముందే నాలుగు బటన్లలో దాచిపెట్టుకోవచ్చని. ఇంకేం, గెలిచేశాననుకున్నాను.

ఎక్కడ గెలిచాను? బటన్ వైపు చూస్తే కుడి చెయ్యి తప్పుతోంది. చూడకుండా నొక్కితే, స్వరం మీద వేలు ఉండగానే సౌండు మారి, ఎవరో పీక పట్టుకున్నట్టు పాట తెగిపోతోంది. మొదటి రిహార్సల్లో రాజు కళ్లెర్రజేసి మీసం తిప్పితే పిల్లంగోవి పలికింది. కొడుకు పోయి ఏడుస్తున్న రాణికి శంఖం ఊదాను. రాణి వేషంలో ఉన్నాయన ఏడుపు మరిచిపోయి నావైపు తిరిగి చూశాడు. మండీ ఆయన ఫోను తీసుకుని బయటికి వెళ్లి ఎవరితోనో మాట్లాడి వచ్చాడు. ఎవరితోనో నాకు తెలియదా?

ఇంటికొచ్చి కీబోర్డును సంచిలో కుక్కుతుంటే నాయన పక్కన కూర్చున్నాడు.

"బటన్ యాడుండాదని చూస్తాండావు నువ్వు. అది కాదమ్మీ. పెట్టె మీద గాలి ఎప్పుడు తీస్తావు?"

"పాడేటాయన ఊపిరి తీసినప్పుడు."

"ఆడే నొక్కు."

అంతే అన్నాడు. నేను సంచిలోంచి మళ్లీ బోర్డు బయటికి లాగాను. పాడేవాడు ఒక పాదం ముగించి ఊపిరి తీసుకునే చోట, పెట్టె వాయించేవాడి ఎడమ చెయ్యి తిత్తిని తెరిచి కొత్త గాలి నింపుకుంటుంది. ఆ కాస్త సందులో కుడి చేతి వేళ్లు మెట్ల మీది నుంచి లేస్తాయి. ఆ సందు ఎప్పుడొస్తుందో నా ఎడమ చేతికి నాకంటే బాగా తెలుసు. దానికి గాలి కొట్టాలనిపించినప్పుడల్లా బటన్ మీద వదిలాను. నాయన పద్యం పాడాడు. పిల్లంగోవి పోయి వయొలిన్ వచ్చింది, వయొలిన్ పోయి నాదస్వరం వచ్చింది, ఎక్కడా అతుకు తెలియలేదు. నాకు పట్టరాని సంతోషం వేసింది. నాయనను మళ్లీ పాడమన్నాను, మళ్లీ మళ్లీ పాడమన్నాను. ఆయన గొంతు బొంగురుపోయి మజ్జిగ అడిగేదాకా వదల్లేదు.

ఆయన ఇంకొక పనీ చేయించాడు. మండీ ఆయన మా పెట్టె శ్రుతికి అలవాటు పడినవాడు. ఆ పెట్టె పాతబడి శ్రుతి కాస్త దిగి ఉంటుంది. కీబోర్డును కూడా సరిగ్గా అంతే దించమని నాయన పట్టుబట్టాడు. చాదస్తం అని గొణుక్కుంటూనే దించాను.

నాటకం రోజు పొద్దున రంగమందిరంలో పూజ. పెట్టెకు పూజ చేయకుండా మావాళ్లు నాటకం మొదలుపెట్టరు, ఎన్ని కీబోర్డులు వచ్చినా సరే. పక్క తెర చాటున నా బోర్డుకు కుడివైపు బల్ల మీద పెట్టెను పెట్టి, కుంకుమ బొట్లు పెట్టి, పూలదండ వేసి, కొబ్బరికాయ కొట్టారు. నాయన దాని ముందు కూర్చుని మైకులో ప్రార్థన పాడాడు. ప్రార్థన అయినాక లేచిపోతాడనుకున్నాను. లేవలేదు. ముందు వరసలో ఆర్కెస్ట్రా ఆయన, ఒళ్లో బోర్డు సంచీతో, నున్నగా దువ్వుకున్న తలతో కూర్చుని ఉన్నాడు.

నాటకం నల్లేరు మీద బండిలా సాగింది. రాజు పెద్ద పద్యం దగ్గరికి వచ్చేసరికి నా ఎడమ చేతిని బటన్ల మీద పెట్టుకున్నాను. ఎత్తుకున్నాడు. పిల్లంగోవి. ఊపిరి, బటన్, వయొలిన్. ఊపిరి, బటన్, నాదస్వరం. జనంలో కదలిక నాకు వినిపిస్తోంది. శంఖం పలికేసరికి మందిరం ఈలలతో అదిరిపోయింది. "వన్స్ మోర్" అని వెనక నుంచి కేక. మా నాటకాల్లో వన్స్ మోర్ అంటే చచ్చినట్టు మళ్లీ పాడాల్సిందే. రాజు మీసం సర్దుకుని నావైపు చూసి కన్నుగీటాడు. అంత పెద్దమనిషి కన్నుగీటితే నేను భూమ్మీద నిలుస్తానా?

రెండోసారి ఆయన ఇంకా జోరుగా ఎత్తుకున్నాడు, నేను ఇంకా జోరుగా వాయించాను. నాదస్వరం దాకా వచ్చాం. శంఖానికి బటన్ నొక్కాల్సిన చోట, ఆ ఊపులో, నా ఎడమ చెయ్యి నన్ను అడక్కుండా బోర్డు వెనక్కి పోయి చేతినిండా గాలి కొట్టింది. వేలికి వైరు తగిలి ఊడిపోయింది. బోర్డు మీద దీపాలన్నీ ఆరిపోయాయి.

రాజు కళ్లు మూసుకుని పై స్థాయికి ఎక్కబోతున్నాడు, కింద శ్రుతి లేదు. వైరు మళ్లీ తగిలించినా ఆ బోర్డు లేవడానికి టైము పడుతుంది, లేచినా పియానోతో మొదలవుతుంది. ముందు వరసలో ఆర్కెస్ట్రా ఆయన సంచీ పట్టుకుని లేచి నిలబడ్డాడు. అయిపోయింది, మా చోటు పోయింది అనుకున్నాను.

అప్పుడు కుడిపక్క నుంచి బుస్సుమని గాలి వినిపించింది. నాయన ఎడమ చెయ్యి అప్పటికే తిత్తిని తోస్తోంది. వణికే కుడి చేతిని ఒళ్లో తువ్వాలు కింద దాచుకున్నాడు. నావైపు చూడలేదు. రాజు గొంతు వైపే చూస్తున్నాడు. నా కుడి చెయ్యి ఒక్క దూకులో కీబోర్డు మీద నుంచి పెట్టె మీదికి పోయింది. ప్రార్థన మైకు ఇంకా అక్కడే ఉంది. శంఖం రావాల్సిన చోట మా పాత పెట్టె, అదే శ్రుతిలో, గుండె నిండా పలికింది. రాజు కళ్లు తెరిచాడు. ఆ పద్యం ఆయన నేర్చుకున్నది ఆ గొంతు దగ్గరే. రిహార్సల్లో ఒక్కనాడూ అందుకోలేని స్వరాన్ని ఆ రోజు అందుకున్నాడు. పూలదండ ఊగుతోంది, నాయన గాలి కొడుతున్నాడు, నేను వాయిస్తున్నాను, ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు. మందిరమంతా లేచి నిలబడి మళ్లీ వన్స్ మోర్ అంది.

నాటకం అయ్యాక ఆర్కెస్ట్రా ఆయన తెర వెనక్కి వచ్చాడు. "అక్కా, మధ్యలో తెగిపోయిందనుకుని లేచినా. అంతలోనే ఒక సౌండు వేస్తివే, అది ఏ నంబరు? మా బోర్డులో అట్లాంటిది లే."

"దానికి నంబరు లేదప్పా," అన్నాను. "దానికి ఇద్దరు కావల్ల."

సగం రంగు తుడుచుకున్న ముఖంతో రాజు పక్కనే నిలబడి విన్నాడు. "వచ్చే చింతామణి నాటకంలో పెట్టె కాడ రెండు కుర్చీలు వేపిస్తా, మేష్ట్రప్పా," అన్నాడు. నాయన సరేనని తలూపి, పెట్టెకు ముసుగు కప్పాడు.

బాగేపల్లి బస్సులో పక్కపక్కన కూర్చున్నాం. నాయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఆయన ఎడమ చెయ్యి ముందు సీటు కమ్మీ పట్టుకుని మెల్లగా తోస్తోంది, వదులుతోంది. ఎగతాళి చేద్దామని నోరు తెరిచాను. తీరా చూస్తే నా చెయ్యీ అదే పనిలో ఉంది.